వదిలేసిన రెండు పేజీలు

ఫిబ్రవరి 3

ఈ రోజు రెండు పేజీలు అతుక్కుపోయాయి. బైండింగు జిగురు లోపలికి కారి ఉంటుంది, కొత్త పుస్తకాల్లో మామూలే. చూసుకోకుండా తిప్పేశాను. పదకొండో అధ్యాయం అలా అయిపోయింది.

అద్దానికి అవతల రికార్డింగాయన బొటనవేలు పైకెత్తి బాగుందన్నాడు. ఆయన నా గొంతు మాత్రమే వింటాడు, కథ వినడు. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఈ కేంద్రంలో ఇన్నేళ్ళుగా ఇద్దరం కలిసి పనిచేస్తున్నాం. ఒక్క నవలలోనూ ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకున్నారో ఆయనకు తెలియదు. ఒక్క దీర్ఘం మింగానంటే మాత్రం ఊరుకోడు. హత్యల నవలలంటే ఆయనకు విసుగు. ఆ మాట మొదట్లో ఉన్న "హ" దగ్గర ఊపిరి వెళ్ళి మైకుకు కొట్టుకుంటుంది. "అక్కడ కాస్త మొహం పక్కకు తిప్పండి మేడం" అంటాడు. తిప్పీ తిప్పీ నాకు అలవాటైపోయింది.

వెనక్కి వెళ్ళి ఆ రెండు పేజీలూ చదవచ్చు. టైమైపోయింది, వచ్చేశాను.

అమ్మ బాల్కనీలో బట్టలు తీస్తోంది. తీగ మీద ఇప్పుడు మా ఇద్దరి బట్టలే. అయినా ఒక చివర చోటు వదిలేసి ఆరేస్తుంది. నేను చూశానని ఆవిడకు తెలుసు.

ఫిబ్రవరి 5

జిగురే.

ఫిబ్రవరి 11

కోర్టు నుంచి కాగితం వచ్చింది. తెచ్చిన కానిస్టేబులు ఆయాసపడుతూ ఇంత ఎత్తు ఇంటికి లిఫ్టు లేదా అన్నాడు. లేదన్నాను. తమ్ముడుంటే నవ్వేవాడు. లిఫ్టులు బాగుచేసేవాడు లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటాడని వాళ్ళ ఆఫీసులో పెద్ద జోకు. "ఇంటికొచ్చాక కూడా దాని మొహం చూడమంటారా" అనేవాడు వాడు.

కాగితంలో వాడి పేరు ఒక్కసారే ఉంది. ఆ తర్వాత అంతా మృతుడు. మృతుడి అక్క, మృతుడి నివాసం, మృతుడి తల వెనుక భాగం. బక్కోడి పేరూ ఒక్కసారే, ఆ తర్వాత ముద్దాయి. బక్కోడని వాడికి పేరు పెట్టింది తమ్ముడే, స్కూల్లో. వాడు తమ్ముణ్ణి బొండాం అనేవాడు. ఒకే బెంచీ, ఒకే ట్రైనింగు, ఒకే కంపెనీలో లిఫ్టు మెకానిక్కులుగా ఉద్యోగం. ఆకలేస్తే వాడు వాళ్ళింటికంటే ముందు మా ఇంటికే వచ్చేవాడు. అక్కా అని నన్ను పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే ఉండేవారు.

నేను ప్రత్యక్ష సాక్షినట. కళ్ళారా చూసినదాన్నని. నేనంతగా చూసింది ఏమీ లేదు. మెట్ల మీద చప్పుడైతే తలుపు తీశాను. తీసేసరికే అంతా అయిపోయింది.

ఫిబ్రవరి 12

అంతా అయిపోలేదు.

ఫిబ్రవరి 20

రికార్డింగు జరుగుతుంటే గదిలోకి ఫోను ఇవ్వరు. ఈ రోజు ఇచ్చారు, అవతలాయన పెట్టెయ్యనంటున్నాడని. హత్యల మాస్టారు. మా ఆఫీసులో ఆయనకు పెట్టుకున్న పేరు అది. లెక్కలు చెప్పి రిటైరయ్యారు, తర్వాత చూపు పోయింది. ప్రేమకథ పంపితే తిప్పి పంపేస్తారు. హత్య ఉండాలి, అది కూడా మొదటి సగంలోనే జరగాలి.

"అమ్మా, ఆ పళ్ళ డాక్టరు ఏమయ్యాడు?" అన్నారు.

ఏ పళ్ళ డాక్టరన్నాను. నాకు తెలియనట్టు.

"పదో అధ్యాయంలో క్లినిక్కుకి తాళం వేసుకుని బయల్దేరాడు. పన్నెండులో వాళ్ళావిడ ఏడుస్తోంది, పోలీసులు ఇల్లంతా తిరుగుతున్నారు. మధ్యలో మనిషేమయ్యాడు?"

పోయాడు మాస్టారూ అన్నాను.

"పోయాడని నాకూ అర్థమైంది. ఎలా పోయాడు, ఎక్కడ పోయాడు, ఎవరు చూశారు? అది చెప్పకుండా జవాబు పట్టుకోమంటే ఎలాగమ్మా?"

పేజీలు అతుక్కుపోయి ఉంటాయన్నాను. ఆయన వెంటనే మెత్తబడ్డారు. అయితే సరేలే, నేనే కునుకు తీశానేమో, బుర్ర పనిచెయ్యడం మానేసిందేమో అని భయపడ్డాను, వెనక్కి తిప్పి తిప్పి విన్నాను అన్నారు. నోటు తీసుకుని చిల్లర ఇవ్వకుండా పారిపోయినదానిలా ఫోను పెట్టేశాను.

మార్చి 2

మేనేజరు మేడం పిలిచింది. మాస్టారు ఫోను చేశాక అనుమానం వచ్చి నేను ఈమధ్య చదివిన మిగతా నవలలు కూడా విన్నదట. అన్నిట్లోనూ హత్య జరిగే చోటే మాయం. ఒక దాంట్లో విషం కలిపిన పాలు బల్ల మీదే ఉండిపోయాయి, ఎవరూ తాగలేదు, కానీ మర్నాడు శవం ఉంది. ఇంకో దాంట్లో తుపాకీ చప్పుడు తీసేశాను, పక్కింటివాళ్ళు మాత్రం ఉలిక్కిపడి లేచారు.

జిగురు అన్ని పుస్తకాలకూ ఒకే చోట కారిందా అని మేడం అడగలేదు. అడిగి ఉంటే తేలికయ్యేది. మా తమ్ముడి సంగతి ఆవిడకు తెలుసు. నీళ్ళు తాగమంది. కొన్నాళ్ళు పిల్లల పుస్తకాలు చదువుతారా, లేకపోతే సెలవు పెడతారా అంది. వినేవాళ్ళు మనల్ని నమ్ముకుని వింటారు కదండీ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవకపోతే వాళ్ళు పట్టుకోలేరు కదా అంది. అంత మెల్లగా చెప్పకుండా తిట్టి ఉంటే బాగుండేది. సెలవు పెట్టాను.

అబద్ధం ఒక్కటీ చదవలేదు నేను. చదవడం మానేశాను, అంతే.

మార్చి 9

ఇంట్లో పనేమీ లేదు. ఇంతకాలం ఎన్ని హత్యలు చదివానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆస్తి కోసం, పగ కోసం, దాచిన రహస్యం బయటపడుతుందని. ఆఖరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి కారణం చెప్తారు. కారణం మనిషంత ఎత్తు ఉంటుంది. లేకపోతే చదివేవాళ్ళు ఊరుకోరు.

తమ్ముడు పోవడానికి కారణం ఒక వైరు ముక్క.

లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకోకపోతే లిఫ్టు కదలకుండా ఆపే తాళం ఒకటుంటుంది. ఒక ఆఫీసు భవనంలో అది మాటిమాటికీ మొరాయిస్తోందని బక్కోడు రెండు కొసలనూ వైరు ముక్కతో కలిపేసి ఇంటికెళ్ళిపోయాడు. ఇక తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు నడుస్తుంది. మర్నాడు తమ్ముడు చూసి తీసేశాడు. వాణ్ణి చాటుకు పిలిచి చెప్పాడు. వాడు నవ్వి, ఇంకో భవనంలో మళ్ళీ అదే పని చేశాడు. ఆ వారమంతా తమ్ముడు మనిషి మనిషిలా లేడు. "పైవాళ్ళకు చెప్తే వాడు జన్మలో నా మొహం చూడడక్కా" అన్నాడు. కాసేపయ్యాక, "చెప్పకుండా ఉండి ఎవరి పిల్లో ఆ గోతిలో పడితే, నా మొహం నేనే చూసుకోలేను" అన్నాడు. చెప్పాడు. బక్కోడి ఉద్యోగం పోయింది.

తర్వాత ఒక మధ్యాహ్నం, తమ్ముడు డ్యూటీకి బయల్దేరి మెట్లు దిగుతుంటే బక్కోడు ఎదురొచ్చాడు. వాడి చేతిలో పానా ఉంది. మెకానిక్కు చేతిలో పానా ఉండటం ఎవరు వింతగా చూస్తారు? తమ్ముడూ చూసి ఉండడు.

ఆ రోజు అమ్మ చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పోలీసులు వచ్చి వెళ్ళిపోయారు, కింది వాటావాళ్ళు మెట్లు కడిగేశారు. ఎలా జరిగిందని అమ్మ నన్ను ఇప్పటిదాకా అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇది రాయడం తేలికగానే ఉంది. నేను తలుపు తీసే ముందు వరకే కదా రాశాను.

మార్చి 15

అత్త వచ్చింది. బక్కోడి తల్లి. అమ్మను వదినా అంటుంది కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు అత్తే. రెండు వీధుల అవతలే ఉంటుంది. ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. గుమ్మంలో నిలబడి, "లోపలికి రానా వదినా" అని అడిగింది. ఇదివరకు ఎప్పుడూ అలా అడిగిన మనిషి కాదు. అమ్మ కుర్చీ జరిపింది.

చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడారు. ఏ మందు వాడుతున్నావు, పని చేస్తోందా, అన్నీ అవే. నేను వంటింట్లో ఉండి వింటున్నాను. నాకు నవ్వూ ఏడుపూ కూడా రాలేదు. చివరికి అత్త నన్నే పిలిచింది.

"నిన్ను అబద్ధం చెప్పమనడం లేదమ్మా. సరిగా కనపడలేదని ఒక్క మాట చాలంటున్నాడు లాయరు. మెట్ల మీద వెలుతురు తక్కువే కదా. నాకు తెలీదా, ఎన్నిసార్లు ఎక్కి దిగాను."

నేను టీ తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

"మీ వాణ్ణి నేను తెచ్చివ్వలేను. నా వాణ్ణి ఇచ్చి తెచ్చుకోమంటే ఇస్తానా అని రోజూ నన్ను నేనే అడుగుతున్నాను. ఇస్తానని నోరు రావడం లేదు. నీ దగ్గర దాచడమెందుకు."

ఆ మాట అనకుండా ఉంటే నాకు కోపం వచ్చేది, కోపంతో పని జరిగిపోయేది. ఆలోచిస్తానని కూడా నేను అనలేదు. వద్దనీ అనలేదు. అత్త టీ తాగి లేచింది. మెట్లు దిగలేకపోతుంటే అమ్మ వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగారు. మలుపు దగ్గర ఆగారు. పైనుంచి నాకు వినపడింది.

"ఇక్కడేనా వదినా?" అంది అత్త.

"ఏమో," అంది అమ్మ. "నేనడగలేదు."

మార్చి 16

అమ్మను అడిగాను, కోర్టులో ఏం చెప్పమంటావని. నువ్వు చూసింది నువ్వు చూశావు, నన్ను లాగకు అంది. ఆ తర్వాత బియ్యం డబ్బా కడగడం మొదలుపెట్టింది. నిన్ననే కడిగింది దాన్ని.

మార్చి 28

పుస్తకాలు అప్పగించడానికి ఆఫీసుకి వెళ్తే హత్యల మాస్టారు ముందు గదిలో కూర్చుని ఉన్నారు. బస్సులో ఒక్కరే వచ్చారట. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. నా గొంతు వినగానే లేచి నిలబడ్డారు. ఎన్నో ఏళ్ళుగా చెవిలో మాట్లాడే మనిషిని కలవడం ఇదే మొదలు అన్నారు. పళ్ళ డాక్టరు సంగతి తేలేదాకా ఇంకో పుస్తకం మొదలుపెట్టలేకపోతున్నారట.

నాకు ఒళ్ళు మండింది. మీకు ఈ చావుల్లో అంత సరదా ఏమిటి మాస్టారూ అనేశాను. అక్కడున్నవాళ్ళందరూ తలెత్తి చూశారు.

ఆయన నొచ్చుకోలేదు. కర్రను మోకాళ్ళ మధ్య ఆనించుకుని, భార్య పోయిన రోజు గురించి చెప్పారు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందట. ఎందుకు పోయిందని ఆయన అడిగితే పెద్ద వయసు కదండీ అన్నారట. బంధువులొచ్చి పెద్ద వయసు కదా అన్నారు. పిల్లలూ అదే అన్నారు. అక్కడికి అయిపోయింది.

"ఈ పుస్తకాల్లో చూడండమ్మా. ఒక్క మనిషి పోతే ఊరంతా ఆగిపోతుంది. ఎందుకు పోయాడు, ఎందుకు పోయాడు అని ఆఖరి పేజీ దాకా అడుగుతూనే ఉంటారు. ఎవరూ వదిలిపెట్టరు. నాకు అది కావాలి."

వాళ్ళు అడిగేది ఎవరు చంపారని మాస్టారూ, పోయినవాడు ఎలాంటివాడని ఎవరూ అడగరు అన్నాను. పళ్ళ డాక్టరుకు ఏ పాట ఇష్టమో ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. చంపినవాడికి ఏ సిగరెట్టు ఇష్టమో మాత్రం నాలుగుచోట్ల ఉంది.

మాస్టారు తలూపారు. అదీ నిజమే అన్నారు. బస్టాపు దాకా తీసుకెళ్ళి బస్సెక్కించాను. గుండీల సంగతి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 10

కోర్టు. జడ్జిగారు సెలవు. వాయిదా.

ఏప్రిల్ 11

సరిగా కనపడలేదు అని అద్దం ముందు చెప్పి చూశాను. గొంతు చాలా సహజంగా వచ్చింది. రికార్డింగాయన ఉంటే బొటనవేలు పైకెత్తేవాడు.

మే 6

ఈ రోజు అయింది. రాసేస్తాను, మళ్ళీ రాయలేను.

ప్రభుత్వం తరఫు లాయరు వరండాలోనే నాకు జాగ్రత్తలు చెప్పాడు. అడిగినదానికే చెప్పండి, ఏడవకండి, కథలా చెప్పకండి. అత్త వెనక బెంచీ మీద ఉంది. అమ్మ రానంది.

బక్కోడు జైల్లో లావయ్యాడు. ఆ పేరు వాడికి ఇక సరిపోదు. నా వైపు చూడలేదు, గోళ్ళు చూసుకుంటున్నాడు. నేను చెప్పింది జడ్జిగారు మళ్ళీ తన మాటల్లో చెప్తుంటే టైపిస్టు కొడుతోంది. నా మాటలు ఆయన నోట్లోకి వెళ్ళి పొట్టివైపోయాయి. చప్పుడు విన్నాను అన్నాను. తలుపు తీశాను అన్నాను. అక్కడికి వచ్చాక ఆగాను. అందరూ చూస్తున్నారు. అత్తను నేను చూడలేదు. చూసి ఉంటే ఏమనేదాన్నో.

చూశాను అన్నాను. తమ్ముడు మెట్ల మీద బోర్లా పడి ఉన్నాడు. బక్కోడు ఇంకా కొడుతున్నాడు. ఎన్నిసార్లు అని అడిగాడు లాయరు. నేను లెక్కపెట్టలేదన్నాను.

తర్వాత బక్కోడి తరఫు లాయరు లేచాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. పుస్తకాలు చదువుతానన్నాను. ఎలాంటి పుస్తకాలు అన్నాడు. అన్నీ అన్నాను. హత్యల నవలలు? అవీ చదువుతానన్నాను. మీ కేంద్రంలో అవి చదవడంలో మీకే మంచి పేరుందట కదా అన్నాడు. ఎవరు చెప్పారో ఏమో.

"అంటే, హత్య జరిగిన చోటును కళ్ళకు కట్టినట్టు చెప్పడం మీకు రోజూ ఉన్న పనే. రక్తం, పానా, మెట్లు. తలుపు తీసేసరికి మీరు నిజంగా చూసింది కొంచెం. మిగతాది మీరు చదివిన పుస్తకాల్లోంచి వచ్చింది. పొరపాటున అయినా సరే. కాదంటారా?"

నాకు కోపం రాలేదు. మంచి ప్రశ్నే అనిపించింది. నాకు నేనే ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్న అది.

"పుస్తకాల్లో ఇలా ఉండదండీ," అన్నాను. "పుస్తకాల్లో పోయేవాడు ఏదో ఒక మాట అంటాడు. మా తమ్ముడు ఏమీ అనలేదు. చంపినవాడు పారిపోతాడు. వీడు పారిపోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. నేను లోపలికి పరిగెత్తి మా తమ్ముడి కోసం గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. వీడు నా చేతిలోంచి గ్లాసు తీసుకుని తాగేశాడు. మొత్తం తాగి, ఖాళీ గ్లాసు నాకిచ్చాడు, మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇచ్చినట్టే. నేను తీసుకున్నాను. ఇది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు."

జడ్జిగారు టైపిస్టుకు ఏం చెప్పాలో తెలియనట్టు కాసేపు ఊరుకున్నారు. చివరికి, సాక్షి చేతిలోని మంచినీళ్ళు ముద్దాయి తాగినాడు అని చెప్పారు. టైపిస్టు కొట్టింది. అప్పుడు బోనులోంచి చప్పుడొచ్చింది. బక్కోడు మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే ఎలా ఏడిచేవాడో అలాగే, వెక్కుతూ. లేచి వెళ్ళి ఊరుకోబెట్టాలని నా కాళ్ళు కదిలాయి. అది కూడా రాస్తున్నాను.

ఆ లాయరు ఇంకేమీ అడగలేదు.

మే 7

పడుకున్నాను. రోజంతా.

మే 22

సెలవు అయిపోయింది. మేడం పిల్లల పుస్తకం ఇచ్చింది. దానికి ముందు ఒక పని ఉందని చెప్పి పదకొండో అధ్యాయం తెరిచాను. జిగురు ఎక్కడా లేదు. పేజీలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. పళ్ళ డాక్టరు కారు దగ్గర తాళాలు వెతుక్కుంటుంటే వెనకనుంచి ఎవరో వచ్చారు, పడిపోయాడు, వాన మొదలైంది. అంతే. దీనికేనా ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్నాను అనిపించింది. హత్య అన్న మాట వచ్చిన చోట రికార్డింగాయన ఆపలేదు. ఊపిరి మైకుకు కొట్టుకున్నట్టు నాకే తెలిసింది. మళ్ళీ చదవనా అన్నాను. "వద్దులెండి, ఉండనివ్వండి" అన్నాడు. ఎప్పుడూ అలా వదిలేసే మనిషి కాదు.

జూన్ 4

మాస్టారు ఫోను చేశారు. పళ్ళ డాక్టరు చావు విన్నారట, ఏమంత గొప్పగా లేదట. ఇంత గొడవ చేసింది దీనికా అని ఆయనకే సిగ్గేసిందట. రికార్డింగాయన మా ఇంటి సంగతి చెప్పాడన్నారు.

"ఇక నుంచి హత్యలు లేని పుస్తకాలే పంపించండమ్మా. వింటాను."

మీకు నచ్చవు మాస్టారూ అన్నాను.

"నచ్చవు. అయినా వింటాను."

పెట్టేస్తారనుకుంటే పెట్టెయ్యలేదు. "మీ తమ్ముడు ఎలాంటివాడమ్మా?" అన్నారు.

ఆ రోజు ఆయనతో గొడవపడ్డది నేనే, ఎవరూ అది అడగరని. ఇప్పుడు అడిగితే నోట్లోంచి ఒక్క ముక్క రావడం లేదు. లిఫ్టులు బాగుచేసేవాడు అన్నాను. ఇంకా చెప్పమన్నారు. మెట్లు దిగుతూ పాడేవాడు, శ్రుతి ఉండేది కాదు, కింది వాటావాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మాట్లాడలేకపోయాను. ఆయన ఫోను పట్టుకునే ఉన్నారు, నేను పెట్టేసేదాకా.

జూలై 18

శిక్ష పడింది. యావజ్జీవం. జడ్జిగారు చదవడం కొంచెంసేపట్లో అయిపోయింది. చాలా నీరసంగా చదివారు, పేరా చివర గొంతు పడిపోయింది. ఆయన అంత పొడుగున రాసిన దాంట్లో వైరు ముక్క ఒక వాక్యంలో ఉంది.

తేలికవుతుందనుకున్నాను. మీ వంతు అయిపోయింది, ఇక లేవండి అని ఎవరో అన్నట్టుంది, అంతే.

బయట వ్యాను దగ్గర అత్త ఉంది. వాణ్ణి ఎక్కిస్తున్నారు. అత్త కానిస్టేబులు చెయ్యి పట్టుకుని, వాడు పొద్దున్నించి ఏమీ తినలేదు బాబూ, వెళ్ళేసరికి భోజనాల టైము దాటిపోతుందేమో, ఉంచుతారా అని అడుగుతోంది. ఉంచుతారులెమ్మా అన్నాడతను. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నన్ను చూసింది. నా మీద అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, వదిన ఎలా ఉంది అని అడిగింది. బాగానే ఉందన్నాను. మోకాళ్ళకు ఆ మందు వద్దని చెప్పు, కడుపులో మంట వస్తోంది దాంతో అంది. చెప్తానన్నాను.

జూలై 19

మధ్యాహ్నం అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మందు సంగతి చెప్పాను. తలూపింది. కాసేపటికి, మడతపెడుతున్న దుప్పటి మీంచి తలెత్తకుండా, "కోర్టులో ఏం చెప్పావో నాకు చెప్పు" అంది.

మొదటి నుంచా అన్నాను.

"మొదటి నుంచి."

చెప్పాను. చప్పుడు, తలుపు, పానా, గ్లాసు, అన్నీ. ఎక్కడా వదల్లేదు. ఏడవకుండా, కథలా కాకుండా చెప్పాను. అమ్మ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని విన్నది. బక్కోడి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. తమ్ముడు ఏ చొక్కా వేసుకున్నాడు అని అడిగింది. నీలంది, యూనిఫారం అన్నాను. చెప్పులా, బూట్లా అంది. బూట్లన్నాను. ఒక లేసు ఊడి ఉంది. వాడికి ఎప్పుడూ అంతే అంది. దిగేటప్పుడు పాడుతున్నాడా అని అడిగింది. పాడుతున్నాడు, అందుకే మొదట ఆ చప్పుడు నాకు తెలియలేదన్నాను. ఏ పాట అంది. చెప్పాను.

ఆ తర్వాత ఒళ్ళో దుప్పటిని సగానికి మడిచింది. అయిపోయిందనుకున్నాను.

"అన్నం తిన్నాడా?" అంది.

తినే ఉంటాడన్నాను. నేను ముందే తినేసి గదిలోకి వెళ్ళి చదువుకుంటున్నాను, చూడలేదు.

"ఉంటాడంటే కాదు. తిన్నాడా, లేదా?"

గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. ఆ రోజును ఇన్ని నెలల్లో ఎన్నోసార్లు చూశాను కానీ, ఎప్పుడూ మెట్ల వైపే చూశాను. వంటింటి వైపు చూడలేదు. సాయంత్రం వచ్చినవాళ్ళెవరో మంచినీళ్ళు అడిగితే వంటింట్లోకి వెళ్ళాను కదా. వాడి కంచం కడిగి బోర్లించి ఉంది. నాది సింకులోనే ఉంది. వాడు వాడిది మాత్రమే కడుక్కునేవాడు, దాని మీద ఇద్దరికీ రోజూ గొడవ.

కంచం కడిగి ఉందమ్మా అన్నాను.

"కూర గిన్నె?"

ఖాళీ అన్నాను.

"బంగాళాదుంపలు," అంది అమ్మ. "మీ ఇద్దరికీ, నాకు సాయంత్రానికీ కలిపి వండి వెళ్ళాను. నువ్వెంత వేసుకున్నావు?"

కొంచెమే అన్నాను.

అమ్మ దుప్పటిని మళ్ళీ విప్పి, అంచులు కలిపి, మొదటి నుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అయితే మిగతాదంతా వాడే తిన్నాడు," అంది.